మేనల్లుడికి తోట, కొడుక్కి పేరు: ఘనాలో అసాంతేల ఇంటి లెక్కలు

కుమాసి శీను · సోమవారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. నేను ఘనాలో, కుమాసిలో ఒక మందుల గోడౌన్‌లో అకౌంట్స్ చూస్తుంటాను. మా స్టోర్స్‌లో పనిచేసే కుర్రాడి మేనమామ ఈమధ్య పోయారు. ఊరికెళ్ళి వచ్చాక అతను చెప్పిన సంగతి నాకు కొరుకుడు పడటం లేదు. పోయినాయనకి భార్య ఉంది, నలుగురు పిల్లలున్నారు, పెద్దవాడు ఇంజనీరు. అయినా వంశపెద్దలంతా కూర్చుని వారసుడని ప్రకటించింది మావాణ్ణి, అంటే పోయినాయన చెల్లెలి కొడుకుని. కోకో తోట ఇప్పుడు ఇతని చేతికింద. మేనమామ చిన్నపిల్లల స్కూలు ఫీజులు కూడా ఇతని నెత్తినే.

"మరి మీ నాన్న ఆస్తి సంగతేంటి?" అని అడిగాను. "అది మా మేనత్త కొడుకుది" అన్నాడు. మొహంలో బాధేమీ లేదు. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

వచ్చే నెల శనివారం కర్మకాండ. నన్నూ రమ్మన్నాడు. ఏమీ తెలియకుండా వెళ్ళి కూర్చోవడం కంటే కాస్త తెలుసుకుని వెళ్దామని అడుగుతున్నా. ఈ పద్ధతి ఆఫ్రికా అంతటా ఉందా? ఎందుకిలా? ఆడవాళ్ళకి నిజంగా పెత్తనం ఉంటుందా? అక్కడ ఉండొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

రేపల్లె రాణి · సోమవారం, రాత్రి 10:40

కొడుక్కి రూపాయి రాదా! మా ఆయనకి చదివి వినిపించాను, టీవీ సౌండు పెంచేశారు. ఆడవాళ్ళ రాజ్యమైతే రేపే వీసాకి అప్లై చేస్తా.

చరిత్ర పిచ్చోడు · సోమవారం, రాత్రి 11:30

రాణి గారూ, వీసాకి తొందరపడకండి. అసలు సంగతి విన్నాక ఆలోచిద్దురు గాని.

శీను గారూ, ముందు "ఆఫ్రికా అంతటా" అన్న మాట పక్కన పెడదాం. మీరున్న ఘనాలోనే అక్రా చుట్టుపక్కల ఉండే గా ప్రజలు, తూర్పున ఎవెలు, ఉత్తరాన దగోంబాలు తండ్రి వైపే వంశం లెక్కపెడతారు. మీరు చూసింది అకాన్ల పద్ధతి. అసాంతేలు, ఫాంతేలు, బోనోలు ఇలా చాలామందిని కలిపి అకాన్లంటారు. దేశ జనాభాలో దాదాపు సగం వాళ్ళే.

వాళ్ళ నమ్మకం ప్రకారం మనిషి మూడు చోట్ల నుంచి వస్తాడు. రక్తం తల్లిది. ఆ రక్తమే వంశం, దాన్ని అబుసువా అంటారు. మనిషి స్వభావం, ధైర్యం, చూడగానే కనిపించే తేజస్సు తండ్రివి. అవి తండ్రి వైపు నుంచి వచ్చే ఎన్‌తోరో అనే శక్తితో ముడిపడి ఉంటాయి. ఇక ప్రాణం, అంటే ఒక్రా, పైనున్న దేవుడు న్యామే నేరుగా ఇచ్చి పంపేది. చనిపోయాక అది మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళిపోతుంది. కాబట్టి తండ్రికి బిడ్డతో బంధం లేదని కాదు. చాలా ఉంది. కానీ బిడ్డ ఆయన వంశం కాదు. ఆయన వంశం నిలబడేది అక్కచెల్లెళ్ళ కడుపున.

పెద్ద అబుసువాలు ఎనిమిది: ఒయోకో, బ్రెతువో, అగోనా, అసోనా, అసెనియె, అదువానా, ఎకువోనా, అసాకిరి. ఒకే అబుసువా వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా పెళ్ళి చేసుకోకూడదు. మన గోత్రం లాంటిదే, కాకపోతే అమ్మ వైపు నుంచి.

ఇక ఆడవాళ్ళ రాజ్యం సంగతి. మగవాడి ఆస్తి ముందు తల్లి కడుపున పుట్టిన తమ్ముళ్ళకి, తర్వాత అక్కచెల్లెళ్ళ కొడుకులకి పోతుంది. వంశపెద్ద కూడా మామూలుగా మగవాడే. అంటే ఆస్తి ఆడవాళ్ళ గుండా నడుస్తుంది గానీ ఆడవాళ్ళ చేతిలో ఆగేది తక్కువ. అయితే ఆడవాళ్ళు సొంతంగా సంపాదించింది వాళ్ళదే. ఆచారం ప్రకారం మొగుడికి అందులో వాటా లేదు. కుమాసి కెజేతియా మార్కెట్‌కి వెళ్ళి చూడండి. టమాటాల వాళ్ళకో రాణి, పెండలం వాళ్ళకో రాణి ఉంటారు. తగువులు తీర్చేది, బయటివాళ్ళతో బేరం తెగ్గొట్టేది వాళ్ళే. కొత్త రాజు కావాలన్నా పేరు ప్రతిపాదించాల్సింది రాజమాత. ఆమె అన్నిసార్లూ రాజుకి కన్నతల్లే కానక్కర్లేదు. ఇప్పటి అసాంతే రాజు ఒసెయ్ టుటు 2 గారు 1999లో గద్దె ఎక్కినప్పుడు ఆయన తల్లే రాజమాత. 2016లో ఆమె పోయాక ఆయన అక్క ఆ స్థానంలోకి వచ్చారు. రాజుగారి సొంత కొడుకు మాత్రం రాజు కాలేడు. వాడి రక్తం వాళ్ళ అమ్మది కదా.

రేపల్లె రాణి · మంగళవారం, ఉదయం 7:05

మొగుడికి వాటా లేదన్న ముక్క దగ్గరే నా మనసు నిండిపోయింది. మిగతాది మధ్యాహ్నం చదువుతా.

పాలమూరు పిల్లగాడు · మంగళవారం, ఉదయం 8:20

అన్నా, నాదొక డౌటు. మేనమామకి ఇంత విలువ ఉంటే మరి మేనరికాలు ఉన్నాయా అక్కడ? మా దిక్కు మేనమామ బిడ్డని చేసుకునుడు మామూలే. అక్క బిడ్డని చేసుకున్నోళ్ళు కూడా మా ఇంట్లోనే ఉన్నరు.

తేమా టీచరమ్మ · మంగళవారం, ఉదయం 11:00

నాయనా, మంచి ప్రశ్న వేశావు. నేను తేమాలో చాలా ఏళ్ళు స్కూల్లో లెక్కలు చెప్పాను. ఇప్పుడు విశాఖలో ఉంటున్నా.

మేనమామ కూతుర్ని చేసుకోవడం అకాన్లలో ఒకప్పుడు మంచి సంబంధం కింద లెక్క. ముఖ్యంగా రాచకుటుంబాల్లో, ఆస్తిపాస్తులున్న ఇళ్ళల్లో. కారణం తేలికే. మేనల్లుడు ఎలాగూ వారసుడు. ఆయన కూతుర్ని కూడా చేసుకుంటే ఆ పిల్లకి పుట్టిన ఇంటి సొమ్ము దూరం కాదు. మేనత్త కూతుర్నీ చేసుకోవచ్చు. మనలాగే పెదనాన్న చిన్నాన్న పిల్లలు, పెద్దమ్మ పిన్ని పిల్లలు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ కిందే వస్తారు. ఇప్పటి పిల్లలు ఈ మేనరికాలు పెద్దగా చేసుకోవడం లేదనుకో.

కానీ అక్క కూతురు అన్నావు చూడు, అది అక్కడ నోరెత్తి అనకూడని మాట. అక్క కూతురంటే తన సొంత రక్తం, తన అబుసువా. పాతకాలంలో అది మహాపాతకం, ఊరికే అరిష్టం అనేవాళ్ళు. మావైపు ఇలా కూడా చేసుకుంటారని మా స్టాఫ్ రూములో ఒకసారి మాటల్లో అన్నాను. మా ట్వి భాష టీచరు తింటున్న చెంచా పక్కన పెట్టేసి, "మేడం, ఇంకెవరికీ చెప్పకండి" అంది.

సూటిగా చెప్తా · మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఇదంతా వినడానికి ముచ్చటగానే ఉంది. మరి తండ్రి బాధ్యత మాటేంటి? ఆస్తి ఎలాగూ పోదు కాబట్టి పిల్లల్ని కనేసి మేనమామ మీద వదిలేయొచ్చన్నమాట. ఇంకోటి, అసాంతే రాజ్యం బానిసల వ్యాపారంతో బలిసింది. వేలమందిని పట్టి తీరంలో తెల్లవాళ్ళకి అమ్మారు. వాళ్ళ రాజ్యానికి గుర్తైన బంగారు పీట కథలు చెప్పేటప్పుడు అది కూడా చెప్పండి.

తేమా టీచరమ్మ · మంగళవారం, మధ్యాహ్నం 3:50

బానిసల సంగతి చరిత్ర బాబుకి వదిలేస్తున్నా. తండ్రి ముక్కకి నేను చెప్తా.

బిడ్డకి పేరు పెట్టే హక్కు తండ్రిది. పుట్టిన ఎనిమిదో రోజు పొద్దున్నే చేస్తారు. అప్పటిదాకా పసివాడు అటో ఇటో తేలని అతిథి. ఉంటాడో, వచ్చినచోటికే పోతాడో తెలియదు. అందుకని పేరు పెట్టి పిలవరు. పురుడు, బారసాల తెలిసిన మనకి ఇది కొత్తేమీ కాదు. నేను చూసిన వేడుకలో పెద్దాయన ఒకరు బిడ్డని ఒళ్ళో పెట్టుకున్నారు. పక్కన రెండు గ్లాసులు, ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో జిన్ను. వేలు నీళ్ళల్లో ముంచి నాలిక మీద రాసి, "నువ్వు నీళ్ళంటే అవి నీళ్ళే కావాలి" అన్నారు. తర్వాత జిన్నులో ముంచి, "నువ్వు సారా అంటే అది సారాయే కావాలి" అన్నారు. అలా మూడుసార్లు. పిల్లాడు జిన్నుకి మొహం చిట్లిస్తే అందరూ నవ్వారు.

ఇక పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరు దానంతటదే వస్తుంది. అది ప్రాణానికి సంబంధించిన పేరు. ఎవరూ పెట్టక్కర్లేదు. సోమవారం మగపిల్లాడు క్వాజో, ఆడపిల్ల అజ్వా. మంగళవారం క్వాబెనా, అబెనా. బుధవారం క్వాకు, అకువా. గురువారం యావ్, యా. శుక్రవారం కోఫీ, అఫువా. శనివారం క్వామె, అమా. ఆదివారం క్వాసి, అకోసువా. ఐక్యరాజ్యసమితికి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అన్నన్ శుక్రవారం పుట్టాడని, ఘనా తొలి అధ్యక్షుడు క్వామె ఎన్‌క్రూమా శనివారం పుట్టాడని పేర్లే చెప్తాయి. మా క్లాసులో నలుగురు కోఫీలుండేవాళ్ళు. అటెండెన్స్ తీసేసరికి తాతలు దిగొచ్చేవారు.

తండ్రి పెట్టేది రెండో పేరు. తన వైపు పెద్దల్లో మంచిపేరున్న ఎవరిదో పెడతాడు. బిడ్డని పెంచడం, పని నేర్పడం, మగపిల్లాడికి మొదటి పనిముట్టు కొనివ్వడం, పెళ్ళి చేయడం కూడా ఆయన పనులే. ఇవి చేయని తండ్రిని నలుగురూ నాలుగూ అంటారు. అక్కడి ఆడవాళ్ళు ఇంకా గట్టిగా అంటారు.

ఒకప్పుడు చాలా ఊళ్ళల్లో పెళ్ళయ్యాక కూడా ఆడమనిషి పుట్టింట్లోనే ఉండేది. భర్త వాళ్ళమ్మ ఇంట్లో ఉండేవాడు. సాయంత్రమయ్యేసరికి ఆవిడ వండిన ఫూఫూ ముద్ద, పులుసు గిన్నెలో పెట్టి పిల్లల చేత తండ్రి ఇంటికి పంపేది. పొద్దుగూకే వేళ వీధులన్నీ నెత్తిన గిన్నెలు పెట్టుకుని పరుగెత్తే పిల్లలతో నిండిపోయేవని 1945లో అసాంతే ఊళ్ళల్లో సర్వే చేసిన మేయర్ ఫోర్టెస్ అనే మానవశాస్త్రజ్ఞుడు రాసిపెట్టాడు.

త్రిశూర్ కోడలు · మంగళవారం, రాత్రి 9:10

మా అత్తగారి నాయనమ్మ కాలంలో ఇక్కడా ఇంతే. నాయర్ల తరవాడులో, అంటే తల్లి వైపు ఉమ్మడి కుటుంబంలో, పెత్తనం పెద్ద మేనమామది, భర్త రాత్రికి వచ్చి పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. తర్వాత చట్టాలు ఒక్కోటే వచ్చి, 1975 నాటి కేరళ చట్టంతో ఉమ్మడి కుటుంబ ఆస్తి మొత్తం వాటాలైపోయింది. ఇప్పుడు మిగిలింది ఇంటిపేర్లు, గోడల మీద ఫోటోలు, కోర్టు కేసులు. ఘనాలో మాత్రం ఇంకా నడుస్తోందంటే ఆశ్చర్యంగా ఉంది. అక్కడ చట్టం జోక్యం చేసుకోలేదా?

తాలూకా ప్లీడరు · బుధవారం, ఉదయం 6:45

చేసుకుంది, ఆలస్యంగా. దానికి కారణం శీను గారు చెప్పిన ఆ కోకో తోటే.

కోకో ఘనాది కాదు. తెత్తె క్వార్షీ అనే కమ్మరి 1879లో ఫెర్నాండో పో దీవి నుంచి గింజలు తెచ్చి నాటాడు. 1911 కల్లా ప్రపంచంలోనే అందరికంటే ఎక్కువ కోకో అక్కడే పండింది. అంతకుముందు భూమి వంశానిది. కొన్నేళ్ళు పెండలం, అరటి పండించుకుని, నేల అలిసిపోతే బీడు వదిలి పక్క చెక్కకి పోయేవాళ్ళు. మేనల్లుడి చేతికొచ్చేది ఒక తుపాకీ, నాలుగు మంచి బట్టలు, ఉంటే కాస్త బంగారు పొడి. పెళ్ళాం పిల్లలకి దానివల్ల పెద్ద నష్టం లేదు. వాళ్ళకి వాళ్ళ మేనమామ వైపు నుంచి ఎలాగూ వస్తుంది.

కోకో ఈ లెక్క తిరగేసింది. చెట్టు పెట్టాక ముప్ఫై నలభై ఏళ్ళు కాస్తుంది. కలుపు తీసేది, కాయ కోసేది, కత్తితో పగలగొట్టి గుజ్జు తీసేది, అరటాకుల్లో పులియబెట్టి తడకల మీద ఎండబోసేది భార్యా పిల్లలు. ఆయన కన్ను మూయగానే పట్నం నుంచి మేనల్లుడు దిగి "తోట మా వంశానిది" అంటే ఆ ఇల్లాలికి కడుపు మండదా? ఇరవయ్యో శతాబ్దం పొడుగునా కోర్టుల్లో ఇవే తగాదాలు. తెలివైన తండ్రులు బతికుండగానే పిల్లలకి దానంగా ఇచ్చేసేవాళ్ళు. అయితే ఊరికే ఇస్తే చెల్లదు. పుచ్చుకున్నవాళ్ళు సాక్షుల ముందు కృతజ్ఞతగా సారానో, మేకనో, డబ్బో ఇవ్వాలి. దాన్ని అసెదా అంటారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు లేని కాలంలో అదే రిజిస్ట్రేషన్.

చివరికి 1985లో, రాలింగ్స్ సైనిక ప్రభుత్వం ఉన్నప్పుడు, వీలునామా లేకుండా పోయినవాళ్ళ ఆస్తికి 111వ నంబరు చట్టం తెచ్చారు. ఇంట్లో సామానంతా భార్యా పిల్లలదే. ఉన్న ఇల్లు ఒక్కటే అయితే అదీ వాళ్ళదే. మిగిలిన సొంత ఆస్తిని పదహారు వాటాలు చేస్తే తొమ్మిది పిల్లలకి, మూడు భార్యకి లేదా భర్తకి, రెండు బతికున్న తల్లిదండ్రులకి, రెండు ఆచారం ప్రకారం వంశానికి. అంటే మేనల్లుడి వైపుకి వచ్చేది ఆ రెండే. కానీ "సొంత" అన్నమాట గుర్తుంచుకోండి. వంశం భూమికి, రాజు గద్దెకి చెందిన భూమికి ఈ చట్టం వర్తించదు. అక్కడ పాత పద్ధతే.

మనవైపు కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీఆర్ హయాంలో తెచ్చిన సవరణ కూడా 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది. కాకతాళీయమే. అక్కడ వంశం గుప్పిట్లోంచి కొడుకులకి విడిపించారు, ఇక్కడ కొడుకుల గుప్పిట్లోంచి కూతుళ్ళకి. చట్టం పుస్తకంలో ఉన్నంత తేలిగ్గా కుటుంబంలో అమలు కాకపోవడం మాత్రం రెండుచోట్లా ఒకటే. పుట్టింటి వాటా అడిగితే రాకపోకలు తెగిపోతాయని సంతకం పెట్టేసే ఆడపిల్లలు నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటారు.

పాలమూరు పిల్లగాడు · బుధవారం, ఉదయం 9:30

సర్, మీ పోస్టు మా అక్కకి పంపిన. ఎందుకు పంపిన్నో మా నాయనకి తెల్వద్దు.

చరిత్ర పిచ్చోడు · బుధవారం, రాత్రి 10:20

సూటిగా చెప్తా గారూ, మీరన్నది నిజమే. 1482లో పోర్చుగీసువాళ్ళు ఎల్మినా కోట కట్టింది బంగారం కోసం. తర్వాత ఆ కోటల్లోనే మనుషుల్ని కుక్కారు. అసాంతేలు ఉత్తరాది మీద దండెత్తి పట్టుకొచ్చినవాళ్ళని తీరానికి అమ్మి తుపాకులు, మందుగుండు కొన్నారు. దీనికి సున్నం కొట్టి దాచాల్సిన పని లేదు. అయితే ఆ చరిత్ర ఈ దారంలో మనం మాట్లాడుకుంటున్న కుటుంబం లోపలికి ఎలా వచ్చిందో కూడా చూడాలి.

పట్టుకొచ్చినవాళ్ళంతా సముద్రం దాటలేదు. చాలామంది ఆడవాళ్ళు అసాంతే ఇళ్ళల్లోనే భార్యలయ్యారు. ఇప్పుడు ఆలోచించండి. మామూలు భార్యకి పుట్టిన పిల్లలు ఆమె అబుసువాకి పోతారు. బానిసగా వచ్చినావిడకి అక్కడ అబుసువాయే లేదు. మేనమామలు, అన్నదమ్ములు ఎక్కడో వందల మైళ్ళ అవతల. కాబట్టి ఆమె పిల్లలు తండ్రి వంశానికే దక్కుతారు. మగవాడికి తన సొంత పిల్లలే తన వంశంలో ఉండే ఒకే ఒక్క దారి అది. పెద్ద మగవాళ్ళు అలాంటి పెళ్ళిళ్ళకి ఎగబడటంలో వింతేముంది? తల్లి వైపు వంశం అనగానే ఆడదానికి బలం అనుకుంటాం గానీ, పుట్టిల్లు లేని ఆడదానికి అదే పద్ధతిలో రవ్వంత రక్షణ కూడా లేదు.

తరాలు గడిచాక ఈ పిల్లలంతా వంశంలో కలిసిపోయారు. ఎవరి పుట్టుక ఎక్కడిదో మరొకరు బయటపెట్టకూడదని అసాంతేల్లో గట్టి కట్టుబాటు ఉంది. మొదటి రాజు కాలం నుంచీ వస్తోందంటారు. రాజ్యాన్ని అతికించి ఉంచిన కట్టుబాటు అది. అదే సమయంలో ఆ అడ్డు పెట్టుకుని చాలా సంగతులు కప్పేశారు కూడా. ఈనాటికీ గద్దె తగాదా వస్తే అవతలివాడి ముత్తవ్వ ఎక్కడి నుంచి వచ్చిందన్న గుసగుస మొదలవుతుందట.

సూటిగా చెప్తా · బుధవారం, రాత్రి 10:55

ఇలా చెప్తే వింటాను. బంగారు పీట సంగతి కూడా కానివ్వండి మరి.

చరిత్ర పిచ్చోడు · గురువారం, ఉదయం 6:10

క్లుప్తంగా. ఒసెయ్ టుటు, ఆయన పూజారి ఒకోంఫో అనొచ్చె కలిసి చిన్నచిన్న అకాన్ రాజ్యాల్ని ఒక్కటి చేసి, 1701లో దెంచిరా రాజ్యాన్ని ఓడించారు. అనొచ్చె ఆకాశం నుంచి ఒక బంగారు పీటని దింపాడని, అది ఒసెయ్ టుటు ఒళ్ళో వచ్చి వాలిందని కథ. దాని పేరులోనూ కోఫీ ఉంది, శుక్రవారం దిగింది కాబట్టి. అందులో జాతి మొత్తం ప్రాణం ఉందని నమ్మకం. దాని మీద రాజు కూడా కూర్చోడు. దానికే వేరే ఆసనం వేస్తారు.

బ్రిటిష్‌వాళ్ళు 1874లో కుమాసిని తగలబెట్టారు. 1896లో రాజు ప్రెంపె 1ని, రాజమాత అయిన ఆయన తల్లిని పట్టుకుపోయి చివరికి సీషెల్స్ దీవుల్లో పెట్టారు. 1900 మార్చిలో గవర్నర్ హాడ్జ్‌సన్ కుమాసికొచ్చి, ఆ బంగారు పీట ఏది, దాని మీద నన్నెందుకు కూర్చోబెట్టలేదని అడిగాడు. అప్పుడు యుద్ధానికి లేపింది కుమాసి దగ్గరి ఎజిసు ఊరి రాజమాత యా అసాంతెవా. ఎజిసు గద్దె మీదున్న మనవణ్ణి అప్పటికే ప్రవాసం పంపేశారు, ఊరి పాలన ఆమె చేతిలోనే ఉంది. ఓడిపోయారు. ఆమె 1921లో సీషెల్స్‌లోనే పోయింది. పీట మాత్రం దొరకలేదు. 1920 ప్రాంతంలో రోడ్డు పనివాళ్ళు తవ్వుతుంటే బయటపడింది. వాళ్ళు దాని నగలు కొన్ని ఒలిచి అమ్ముకుంటే ఊరు ఊరంతా భగ్గుమంది. అప్పటికి బ్రిటిష్‌వాళ్ళకీ బుద్ధొచ్చి, మేం ముట్టుకోమన్నారు. 1924లో ప్రెంపె తిరిగొచ్చాడు.

దోచుకుపోయిన బంగారు, వెండి వస్తువుల్లో 32 ఇటు బ్రిటిష్ మ్యూజియం, అటు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2024లో కుమాసికి పంపాయి. అప్పుగా. ఎత్తుకెళ్ళినవాళ్ళే సొంతదారుకి అప్పివ్వడం!

శీను గారూ, మన్‌హియా రాజభవనం మ్యూజియం మీకు ఆటో దూరమే కదా, చూసొచ్చారా?

కుమాసి శీను · గురువారం, రాత్రి 8:30

ఇంకా లేదండీ, ఈ ఆదివారం వెళ్తా. ఇంత సమాచారం వస్తుందనుకోలేదు.

ఒక సందేహం. మావాళ్ళంతా ఆదివారం చర్చికి పోతారు. మా కుర్రాడైతే క్వయిర్‌లో పాడతాడు కూడా. కానీ పోయినాయన ఇంట్లో ముందు సారా నేల మీద పోసి, చచ్చిపోయిన పెద్దల్ని పేరుపేరునా పిలిచారట. రెండూ ఎలా కుదురుతాయి?

తేమా టీచరమ్మ · శుక్రవారం, ఉదయం 10:30

కుదురుతాయి శీనూ, మన ఇళ్ళల్లో కుదరడం లేదూ? 2021 జనాభా లెక్కల్లో ఘనాలో క్రైస్తవులు నూటికి 71 మంది, ముస్లింలు 20 మంది. పాత మతమే మా మతం అని రాయించుకున్నవాళ్ళు మూడు శాతం పైచిలుకే. కానీ పేరు పెట్టినా, పెళ్ళయినా, చావయినా పెద్దల్ని తలచుకోకుండా అడుగు ముందుకు పడని ఇళ్ళు బోలెడు. కొన్ని చర్చిలవాళ్ళు సారా పోయడం ఒప్పుకోరు. అప్పుడు నీళ్ళు పోస్తారు, లేదా పాస్టరు ప్రార్థనయ్యాక ఆయన కారెక్కేదాకా ఆగుతారు.

పోసేటప్పుడు గమనించు. ముందు గ్లాసు పైకెత్తి న్యామేకి చూపిస్తారు. తర్వాత భూమికి, అసాసె యాకి. ఆ తర్వాతే పెద్దలకి. భూదేవి పేరులో యా ఉంది చూశావా, ఆమెది గురువారం. ఆ రోజు అసాంతే పల్లెల్లో నేల తవ్వకూడదు, గొడ్డలి పట్టి పొలానికి పోకూడదు. తీరంలో చేపలవాళ్ళకి మంగళవారం సెలవు. సముద్రానికి విశ్రాంతి అంటారు.

కుమాసికి దగ్గర్లో బోసుంత్వె సరస్సు ఉంది. పది లక్షల ఏళ్ళ కిందట ఉల్క పడ్డ గుంటలో నీళ్ళు నిండి ఏర్పడింది. చనిపోయిన అసాంతేల ఆత్మలు ఈ లోకం వదిలేముందు అక్కడికొచ్చి వీడ్కోలు చెప్తాయని నమ్ముతారు. ఆ నీళ్ళకి ఇనుము తగలకూడదని కట్టు. అందుకే మామూలు పడవలు వాడేవాళ్ళు కాదు. ఒక మందపాటి చెక్క, దాని మీద బోర్లా పడుకునో, కూర్చునో చేతుల్తో నీళ్ళు తోసుకుంటూ పోతారు. నేను వెళ్ళినప్పుడు ఒకతను ఆ చెక్క మీదే వల సర్దుకుంటూ, రెండు కాళ్ళూ నీళ్ళల్లో వేలాడేసి, సెల్‌ఫోన్లో ఎవరితోనో చేపల ధర మాట్లాడుతున్నాడు.

రాజుగారి కొలువులో ఆరు వారాలకోసారి, ఆదివారం నాడు, అక్వాసిదే అనే పండగ ఉంటుంది. బాగా పాలించి పోయిన రాజుల పీటల్ని మసి, గుడ్డు సొన పూసి నల్లగా చేసి ఒక గదిలో ఉంచుతారు. ఆ రోజు వాళ్ళకి నైవేద్యం పెడతారు. బయట జరిగే దర్బారు ఎవరైనా చూడొచ్చు. మ్యూజియానికి వెళ్ళే ఆదివారం అదే అయితే రెండూ కలిసొస్తాయి, కనుక్కో.

రేపల్లె రాణి · శుక్రవారం, మధ్యాహ్నం 2:00

టీచరమ్మ గారూ, కర్మకాండకి శీను గారు ఏం కట్టుకోవాలో చెప్పనేలేదు. తెల్ల చొక్కా వేసుకుని పోతే బాగుండదేమో కదా?

తేమా టీచరమ్మ · శుక్రవారం, సాయంత్రం 5:40

నలుపు, ఎరుపు. రెండిట్లో ఏదైనా, రెండూ అయినా సరే. దగ్గరివాళ్ళు ఎర్రగుడ్డ కూడా కట్టుకుంటారు. తెలుపు, నలుపు కలిపి కట్టేది బాగా వయసు మీరి పోయినవాళ్ళకి, ఆదివారం కృతజ్ఞతా ప్రార్థనకి.

వెళ్ళగానే కుర్చీ లాక్కుని కూర్చోకు. వరసగా కూర్చున్న పెద్దలందరికీ కుడివైపు నుంచి మొదలుపెట్టి ఎడమకి చేతులు కలుపుకుంటూ పోవాలి. కుడిచెయ్యే. తర్వాత ఒక బల్ల దగ్గర నీకు తోచినంత డబ్బు ఇస్తే రసీదు రాసిస్తారు. మైకులో నీ పేరు, ఎంతిచ్చావో చదువుతారు. మన చదివింపుల్లాగే. కాబట్టి మరీ తక్కువ ఇవ్వకు, అక్కడున్న ఏకైక భారతీయుడి పేరు అందరికీ గుర్తుంటుంది.

శవాన్ని ఎప్పుడు, ఎక్కడ పూడ్చాలన్నది భార్యాపిల్లలు తేల్చరు, అబుసువా తేలుస్తుంది. అందుకే వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి మార్చురీలో ఉంచుతారు. గోడల మీద పోస్టరు చూడు. వంశపెద్ద పేరు, ముఖ్య శోకకర్త పేరు, భార్య, పిల్లలు, మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు అని వరస ఉంటుంది. ఎవరి పేరు ఎక్కడుందో చూస్తే ఆ ఇంటి కథ సగం అర్థమైపోతుంది. డప్పులు మొదలయ్యాక ఆడవాళ్ళు అదోవా ఆడతారు. పెద్ద గంతులుండవు, చేతులతోనే అంతా చెప్తారు. లాగితే కాదనకు.

కుమాసి శీను · నెల తర్వాత, ఆదివారం, రాత్రి 9:20

వెళ్ళొచ్చాను. చెప్పాల్సింది ఉంది కాబట్టి ఈ దారం మళ్ళీ పైకి తెస్తున్నా.

నల్ల చొక్కా వేసుకున్నా. చేతులు కలపడానికే అరగంట పట్టింది. నా చందా చదివేటప్పుడు మైకాయన నా పేరుతో పోరాడి పోరాడి చివరికి "మన ఇండియన్ బ్రదర్" అనేశాడు. అదోవాకి లాగారు టీచరమ్మగారూ. ఏం చేశానో అడక్కండి.

అసలు విషయం రాత్రి జరిగింది. చుట్టాలంతా చందాల లెక్క చూసుకుని, ఖర్చులు తీసేశాక, వరండాలో కూర్చున్నారు. వంశపెద్ద, పోయినాయన భార్య, ఆవిడ వైపు నుంచి ఆవిడ అన్నగారు, ఇంజనీరు కొడుకు, మావాడు. నన్ను లేచి వెళ్ళమనలేదు, మావాడు పక్కన కూర్చుని మెల్లగా అర్థం చెప్తూ వచ్చాడు. తోటలో పాత ముక్క వంశ భూమి, అందులో ఎవరికీ పేచీ లేదు. రోడ్డు పక్కన కొత్త ముక్క ఆయన డబ్బుపెట్టి కొన్నది. ఇంజనీరు ఫోనులో 1985 చట్టం తెరిచి పట్టుకున్నాడు. వంశపెద్ద ఆ ఫోను వంక చూడనైనా చూడలేదు. అప్పుడు ఆవిడ లేచింది. ఆ ముక్కలో మొదటి మొక్క తను నాటానని, అప్పుడు పెద్దాడు కడుపులో ఉన్నాడని, పక్క పొలంవాడు సాక్షి అని చెప్పింది. పక్క పొలం ముసలాయన అక్కడే ఉన్నాడు, తలూపాడు. చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత మావాడే, వారసుడే, ఆ ముక్క తనకొద్దు, అత్తకి ఉండనివ్వండి అన్నాడు. ఆవిడ అన్నగారు ఒక జిన్ను సీసా తెప్పించి వంశపెద్ద ముందు పెట్టారు. ప్లీడరు గారు చెప్పిన అసెదా ఇదేననుకుంటా. నన్ను కూడా సాక్షుల్లో లెక్కేశారు.

ఇంజనీరుకి మాత్రం ఇదేమీ నచ్చలేదు. మాకు హక్కుగా రావాల్సింది దానంగా ఇస్తారేంటని వెళ్ళేటప్పుడు నాతో అన్నాడు.

ప్లీడరు గారూ, ఇది చెల్లుతుందా?

తాలూకా ప్లీడరు · సోమవారం, ఉదయం 6:30

ఇంజనీరు బాధలో న్యాయం ఉంది. మేనల్లుడు ఒక్కడే ఇచ్చేయడానికి ఆ ముక్క పూర్తిగా అతనిదీ కాదు. చట్టం ప్రకారం అందులో ఎక్కువ వాటా ఎలాగూ ఆవిడదీ పిల్లలదీ. పోయినాయన తల్లో తండ్రో బతికుంటే వాళ్ళకీ వాటా ఉంటుంది. కాబట్టి జిన్ను సీసాతో ఆగకుండా, అక్కడి లాయరు దగ్గర కాగితం రాయించి, వంశపెద్ద చేత, మేనల్లుడి చేత సంతకాలు పెట్టించి, కోర్టులో ఆస్తి నిర్వహణ పత్రం తీసుకోమనండి. పక్క పొలం ముసలాయన వాంగ్మూలం ఆయన ఉండగానే రాయించండి. మీ పేరు కూడా అందులో ఉంటుంది, పాస్‌పోర్టు కాపీ సిద్ధంగా పెట్టుకోండి.